లిస్టులో లేని మన్ననూర్

షరీఫ్ ఎడమ చేత్తో టీ గ్లాసు పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్లతో చివరి వరుస కొట్టి ఎంటర్ నొక్కాడు. నాగర్‌కర్నూల్ ఆఫీసు వెనక గదిలో రూటర్ దీపాలు ఎప్పటిలాగే మిణుకుమన్నాయి.

ఆ చిన్న కంపెనీ చుట్టుపక్కల ఊళ్లకు ఇంటర్నెట్ ఇస్తుంది. ఏ ఊరి దారిని లోపలికి రానివ్వాలో రూటర్‌కు లిస్టు రాసిపెట్టడం షరీఫ్ పని. గద్వాల, వనపర్తి, మన్ననూర్‌లకు ఇవాళ కొత్త లిస్టు పెట్టాడు.

టీ అయిపోకముందే మన్ననూర్ లైన్ పడిపోయింది.

షరీఫ్ నుదుటి మీద జుట్టు పలచబడిన మనిషి. చొక్కా కాలరు లోపలివైపు ఎప్పుడూ చేతిరుమాలు మడిచి పెట్టుకుంటాడు. టెలిఫోన్లు బిగించే రోజుల నుంచీ, లైను పోయిందంటే అవతలి వైపే తప్పు వెతుకుతాడు. ఇంట్లో గోడ గడియారం ఆగినా బ్యాటరీ చూడడు. మేకు వంకరగా కొట్టావని భార్య ఫరీదాను అంటాడు.

మన్ననూర్ అంటే నల్లమల. అడవిపందులు కేబుల్‌ను పెకలించడం మామూలే. షరీఫ్ లిస్టు వైపు మళ్లీ చూడలేదు. అక్కడ కేబుల్ చూసుకునే కురుమయ్యకు ఫోన్ చేశాడు.

"కురుమన్నా, లైన్ పోయింది. జర వాగు దిక్కు తవ్వి సూడు."

"మళ్ల పందులేనా సాబ్? గా పందులకు మీ కేబుల్ తప్ప వేరే తిండి లేదా ఏంది?" నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. "దవాఖానల డాక్టరమ్మ బరువు పని చెయ్యొద్దన్నది. గుండె కమ్జోరంట. రేపు మా తమ్ముణ్ణి తోల్కపోత."

"రేపటిదాంక ఎట్లన్నా? నన్ను పరేషాన్ చేస్తున్నరు. మా దిక్కంత మంచిగనే ఉంది."

"సరే తీ. నువ్వు సూసినంక ఇంకేంది."

అన్నం తిన్నాక వనపర్తి ఆఫీసువాళ్లు లిస్టు కాపీ అడిగారు. పంపుతూ షరీఫ్ చదివాడు. వేళ్లు ఆగిపోయాయి.

మన్ననూర్ కోసం పెద్ద నెట్‌వర్క్ చిరునామా ఒక్కదానికే దారి ఇవ్వమని రాశాడు. మన్ననూర్‌ది అందులోంచి కోసిన చిన్న ముక్క. చిన్న ముక్కలనూ రానివ్వమని ఆ వరుస చివర ఒక్క మాట చేర్చాలి. చేర్చలేదు. రూటర్ పైనుంచి కిందికి చూసింది. అచ్చంగా సరిపోయే వరుస దొరకలేదు. దేనికీ సరిపోనిదాన్ని ఆపేయమని ఎవరూ రాయనక్కర్లేదు. అదే ఆపేస్తుంది, చప్పుడు చేయకుండా.

చేర్చాడు. మన్ననూర్ వెంటనే లేచింది. కురుమయ్య ఫోన్ మాత్రం కలవలేదు. అడవిలో సిగ్నల్ ఉండదు. షరీఫ్ ఆఫీసు జీపు తీశాడు.

ఎండ వాలేసరికి మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు గార్డు దశరథం టోపీ తీసి నిలబడి ఉన్నాడు.

"పొద్దుగూకకముందే అందర్ని అడవిలకెల్లి పంపాల గద సాబ్. గట్లనే పోయిన. కురుమయ్య గట్టుకు ఒరిగి ఉండె. నిద్రవోయిండనుకున్న." గొంతు సవరించుకున్నాడు. "ఇంటికి తీస్కపోయిండ్రు. లైన్ వచ్చిందంట గద? పోతపోత గూడ బాగుచేసే పోయిండు."

"దశరథం..."

"ఏంది సాబ్?"

షరీఫ్ జీపు దిగాడు. "ఏం లేదు. ఆ జాగ సూపియ్యి."

వాగు ఒడ్డున మోకాలి లోతు గుంత. అడుగున కేబుల్, మట్టంతా తుడిచి ఉంది. ఎక్కడా గీత కూడా పడలేదు. అది రాయికి ఒరుసుకోకుండా, కింద కురుమయ్య తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఉంది.