నీళ్లకు కాపలా

"మీ వీధి మునగలేదమ్మా," అన్నాడు అధికారి, బల్ల మీద పరిచిన పటాన్ని వేలితో తడుతూ. "ఉపగ్రహం తీసిన ఫొటో ఇది. నీలంగా ఉన్నచోట వరదున్నట్టు. మీ వీధిలో చుక్క నీలం లేదు."

కుట్టుపనామె చీర కుచ్చిళ్ల నుంచి బురదనీళ్లు ఆయన గదిలోనే కారుతున్నాయి. మంచం పట్టిన ఆమె అత్త ఆ నీళ్లలోనే ప్రాణం వదిలింది. మునగని వీధిలో మునిగి చనిపోయిందని రాయడం కుదరదట. జబ్బు చేసి పోయిందని రాసేశారు.

"మీ ఫొటో నాలుగు రోజుల కిందట పొద్దున తీసింది సార్. కాంట్రాక్టరు తన గోదాములు మునుగుతాయని గట్టు కొట్టించి నీళ్లు మా మీదికి వదిలింది ఆ మధ్యాహ్నం."

"రేపు పొద్దున మళ్లీ తీస్తారు. నీళ్లుంటే అప్పుడు చూద్దాం."

ఆ మాట కాంట్రాక్టరు చెవిన పడడానికి ఎంతోసేపు పట్టలేదు. సాయంత్రానికల్లా వీధి మొదట్లో నీళ్లు తోడే మోటార్లు దిగాయి.

"మీ అవస్థ చూడలేక అయ్యగారు పంపారు," అన్నాడు మేస్త్రీ.

జనం ప్రాణాలు లేచొచ్చాయి. టీకొట్టాయన తానే ఎదురెళ్లి గొట్టం భుజానికెత్తుకున్నాడు. కుట్టుపనామె నడుంలోతు నీళ్లలో అతనికి అడ్డం నిలబడింది.

"దింపు అన్నయ్యా."

"మతిపోయిందా చెల్లెమ్మా? పిల్లలు అటకల మీద పడుకుంటున్నారు."

"ఇన్ని రోజులు కాళ్లావేళ్లా పడ్డా రాని మోటార్లు ఇవాళే ఎందుకొచ్చాయి? రేపు ఫొటోలో మన వీధి పొడిగా కనబడాలి. అప్పుడిక వాడు గట్టు కొట్టనూ లేదు, మా అత్త మునగనూ లేదు. వచ్చే వానకి మళ్లీ కొడతాడు. ఈసారి ఎవరింట్లో శవం తేలాలి?"

గుంపులోంచి మిల్లు కూలీ గొణిగాడు. "అంటే, మన కొంపలు ముంచిన నీళ్లకి మనమే కాపలా కాయాలన్నమాట."

"కాయడానికి మనకీ ఓ ఆస్తి దొరికిందిలే," అంది అతని భార్య.

నవ్వు మొదలైనచోటే ఆగిపోయింది. టీకొట్టాయన గొట్టాన్ని మేస్త్రీ కాళ్ల దగ్గర పడేశాడు. పిల్లల్నీ ముసలివాళ్లనీ బడి మేడ మీదికి చేర్చి, మిగిలినవాళ్లు మోటార్లకు అడ్డంగా వరస కట్టారు. కాళ్లు నాని పాసిపోతున్నా, పాము కదిలిందని ఎవరో అన్నా, వరస చెదరలేదు.

తెల్లవారుతుండగా పోలీసు వ్యాను వచ్చింది.

"నీళ్లు తోడిస్తామంటే అడ్డుపడతారా? బుద్ధుందా మీకు?"

"ఇప్పుడే వచ్చింది సార్," అంది కుట్టుపనామె.

ఆమెను జుట్టు పట్టి లాక్కెళ్లి వ్యానులోకి తోశారు. కిటికీ జాలీకి ముఖం ఆనించి చూసిందామె. వరసలో ఆమె విడిచిన చోట మిల్లు కూలీ భార్య నిలబడి ఉంది.

మేస్త్రీ మోటారు మీదికి వంగాడు. వీధి వీధంతా అతనివైపు ఒక్కడుగు వేసింది.