నన్ను మాత్రం ఉంచుకున్నారు

నేను ఒక నడుంపట్టీని. బరువులెత్తేవాళ్ళు నడుముకి బిగించుకునే తోలు పట్టీని. నన్ను చూడాలంటే విజయనగరం దాటాక రోడ్డు పక్కనున్న చినకొండపాలెం వ్యాయామశాలకి రావాలి. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆంజనేయస్వామి పటం కనబడుతుంది, దాని కింద అద్దాల పెట్టె, అందులో నేను. పెట్టె మీద ఎవరిదో పేరు రాసి ఉంటుంది. ఆ పేరు నేను పలకను. దాన్ని మోసిన మనిషే దించేసి వెళ్ళిపోయాక నాకెందుకు?

నన్ను చేసింది గంగులు. ఎద్దులకి మెడపట్టెడలు కుట్టుకుని బతికేవాడు. ఈ శాల పెట్టిన మాస్టారు, ఇప్పుడు లేరు లెండి, ఆయన పుల్లతో నేల మీద బొమ్మ గీసి చూపిస్తే గంగులు పకపకా నవ్వాడు. "ఎద్దుకైతే మెడకి, మడిసికైతే నడుంకా? బాగుంది యవ్వారం," అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఎద్దు తిరగబడ్డా తెగని దారంతో కుట్టాడు. అందుకే ఇంకా ఈ పెట్టెలో పడి ఉన్నాను. తెగిపోయి ఉంటే ఈ బాధ తప్పేది.

నేను మొదట చుట్టుకున్న నడుము నూకరత్నానిది. ఆ పేరు వాళ్ళ నాయనమ్మది. తను పెట్టుకున్నది ఎన్నో ఏళ్ళ తర్వాతే గానీ, నేను మొదట్నుంచీ అలాగే పిలుస్తాను. నా కథ, నా ఇష్టం. అప్పటికింకా మీసం రాని వయసు. ఊరంతా కుర్రాడనుకునేది. ఎవరేమనుకున్నా ఆ నడుం చుట్టూ ఉన్నది నేను కదా, నాకు తెలియనిదేముంది?

నిలబడ్డా, నడిచినా, నలుగురిలో నవ్వినా ఆమె ఊపిరి సగమే ఆడేది. రాడ్డు ముందు వంగినప్పుడు మాత్రం ఊపిరంతా వదిలేసి, నన్ను బిగించి, మళ్ళీ కడుపు నిండా పీల్చేది. ఆ పీల్పుకి నా కుట్లు కిర్రుమనేవి. అలా ఎత్తి ఎత్తి జాతీయ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. ఊరంతా ట్రాక్టరెక్కించి ఊరేగించారు. అప్పట్లో జోగినాయుడు, అంటే ఇప్పటి మా శాల ప్రెసిడెంటు, ఆ ట్రాక్టర్ ముందు తువ్వాలు ఎగరేస్తూ చిందులేశాడు. జీవితంలో ఒక్కనాడూ రాడ్డు ముట్టని మనిషి ఆ రోజు పడ్డ చెమట అంతా ఇంతా కాదు.

నా చివర గంగులు పొడవని బెజ్జం ఒకటుంది. పోటీల శిబిరాల్లో గది తలుపు వేసుకుని, మేకు కాల్చి నూకరత్నమే పొడుచుకుంది. అందులో బకిలు ముల్లు దూరిస్తే నేను ఎక్కడలేని బిగువుతో ఉండేదాన్ని. మాస్టారు చూసి, "పట్టుదలంటే ఇదిరా," అని మెచ్చుకున్నారు. పట్టుదలా పాడా! నడుము సన్నగా కనబడాలని. కాసేపు అలా నిలబడి కళ్ళ నీళ్ళు తుడుచుకునేది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఆటలో ఉన్నన్నాళ్ళూ ఆమెది ఒకటే భయం, తను లోపల ఆడదేనని నోరు విప్పితే రాడ్డు లాక్కుంటారని. నడుంనొప్పి ముదిరి పోటీలు మానేశాక, ఇంక లాక్కోడానికేముందిలే అనుకుంది. పిచ్చిది. ఆ తర్వాత కొన్నాళ్ళు శాలలో ఆడపిల్లలకి ఎత్తడం నేర్పింది, ఒక్క తల్లి కూడా ఏమీ అనలేదు. ఆ పైన నన్ను గోడకి తగిలించి విశాఖపట్నం వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ఆకుపచ్చ నేత చీర కట్టుకుంది, జడ వేసుకుంది. నేరుగా నా దగ్గరకొచ్చి, దించి, కొంగుతో దుమ్ము దులిపి ఆముదం రాసింది. ఆ రోజు ఆమె ఊపిరి నిండుగా ఆడుతోంది, నా అవసరం లేకుండానే. నిజం చెప్పాలంటే కొంచెం చిన్నబుచ్చుకున్నాను. అంతలోనే సంతోషించాను కూడా.

ఇక్కడ మా శాల ఆచారం ఒకటి చెప్పాలి. హనుమజ్జయంతి నాడు కొత్తగా పోటీలకి వెళ్ళే పిల్లలకి, పతకం తెచ్చినవాళ్ళు తమ పట్టీని తమ చేత్తో కడతారు. కట్టినవాళ్ళ ఊపిరి కట్టించుకున్నవాళ్ళకి వస్తుందని నమ్మకం. మాస్టారు పోయాక ఆ పని చేసే హక్కున్న మనిషి నూకరత్నం ఒక్కతే. ఆమె ఊరొచ్చింది అందుకే. ఆ ఏడు కట్టించుకోవలసిన పిల్ల గౌరీశ్వరి, ఆమె దగ్గరే మొదట రాడ్డు పట్టిన పిల్ల.

జోగినాయుడు గొంతు సవరించుకుంటూ వచ్చాడు.

"నువ్వెలగున్నా నాకొకటేరా. ఆడగుంటల తల్లిదండ్రులు ఒప్పుకోవాల గదా? మునపట్లా ప్యాంటూ సొక్కా ఏసుకుని రా. తరవాత ఇంటికాడ నీ ఇష్టం."

"మునుపూ ఈ గుంటలకే గదా మావా నేర్పినాను. అప్పుడొప్పుకున్నోల్లకి ఇప్పుడేటొచ్చింది?"

"అప్పుడు నువ్వు మగోడివి గదా!"

విన్నారా? మగవాడనుకున్నన్నాళ్ళూ ఆడపిల్లలకి నేర్పవచ్చునట, ఆడదాన్నని చెప్పాక నేర్పకూడదట. తోలుముక్కని, నా బుర్రకి ఈ లెక్క ఎక్కలేదు. మీకెక్కితే చెప్పండి. ఇదే జోగినాయుడు మనవడు పుట్టినప్పుడు, నూకరత్నంలాంటి వాళ్ళని పిలిచి మరీ, బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించుకున్నాడు. దీవించడానికి పనికొచ్చిన చేతులు పట్టీ కట్టడానికి పనికిరాలేదు.

"జయంతినాడు కట్టడానికైనా రానీ," అంది.

"కట్టడానికి నానున్నాను గదా. పట్టీ ఉంచీసి ఎల్లు, సాలు."

"పట్టీ కావాల, నానొద్దా?"

ఆయన ఆంజనేయస్వామి పటం వైపు చూశాడు. స్వామి ఏం చెబుతాడు పాపం! నూకరత్నం నన్ను కాసేపు చేతుల్లో పట్టుకుని మళ్ళీ మేకుకే తగిలించింది. పట్టీ శాల పిల్లలది, తనది కాదనుకుంది. అన్ని బరువులెత్తిన మనిషి నన్నొక్కదాన్ని ఎత్తుకుపోలేకపోయింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

జయంతినాడు శాల నిండా జనం. మైకు, అప్పాలు, వడమాల. నూకరత్నం గేటు బయట సోడా బండి దగ్గర నిలబడింది. గౌరీశ్వరి సుద్దపొడి రాసుకుని వచ్చింది. జోగినాయుడు నన్ను తీసి ఫొటోల వైపు తిరిగి, "ఊపిరి గట్టిగా పీల్చుకో తల్లీ," అన్నాడు. పీల్చింది. అప్పుడు కట్టాడు. ఊపిరి వదిలేసరికి నేను వదులుగా వేలాడాను. సన్నని పిల్ల, పైగా ఆయన ముల్లు దూర్చింది నూకరత్నం పతకం తెచ్చిన నాటి బెజ్జంలో.

గేటు దగ్గర్నుంచి కేక వినబడింది. "ఊపిరొదిలినాక కట్టు మావా! ఆకరి బెజ్జంలో పెట్టు!"

జోగినాయుడు నన్ను తిప్పి చూశాడు. "ఇది కుట్టినోడు పెట్టింది కాదు. ఎవుడో మేకుతో పొడిసి పాడుసీసినాడు," అని మైకులోనే అన్నాడు. జనం నవ్వారు. ఆ ఒక్క బెజ్జంలో పెట్టి ఉంటే ఆ పిల్లకి నేను అతికినట్టు సరిపోయేదాన్ని. అరవాలనిపించింది. గంగులు నాకు ముల్లు పెట్టాడు గానీ నోరు పెట్టలేదు.

ఇంతమందిలో ఆగలేక గౌరీశ్వరి అలాగే ఎత్తింది. నేను జారి డొక్కల మీదికి పోయాను. రాడ్డు వెనక్కి ఒరిగి దభీమని పడింది, పిల్ల మణికట్టు బెణికింది. అందరూ ఏమన్నారనుకున్నారు? కట్టినవాడి తప్పనలేదు. "గేటుకాడ అది నిలబడ్డాది గదా, దిష్టి తగిలింది," అన్నారు. సోడా బండివాడు కూడా ఆమెని పక్కకి పొమ్మన్నాడు. నూకరత్నం వెళ్ళిపోయింది. తగువాడకుండా వెళ్ళిపోయినందుకు నాకు ఆమె మీద కూడా కోపమొచ్చింది. మర్నాడు జోగినాయుడు నన్ను ఈ పెట్టెలో పెట్టించి, ప్యాంటూ చొక్కాల నాటి ఫొటో ఒకటి అంటించి, మన ఊరి ఘనత అని వచ్చినవాళ్ళకి చూపించడం మొదలుపెట్టాడు. మనిషిని గెంటేసి పట్టీకి దండ వేయడం నేనెక్కడా చూడలేదు.

మణికట్టు నయమయ్యాక గౌరీశ్వరి శాలకి రాలేదు. ఇటుకల బట్టీ పక్క రేకుల షెడ్డులో నూకరత్నం దగ్గర నేర్చుకుంటోందని ఇక్కడి పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. అక్కడ ప్లేట్లు లేవట, ఇనపరాడ్డుకి రెండు పక్కలా సిమెంటు పోసిన డబ్బాలట. తల్లి తిట్టిందట, అయినా వెళ్ళిందట. జిల్లా పోటీల్లో బంగారు పతకం కొట్టింది.

ఆ వార్త తెలియగానే జోగినాయుడికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నా పెట్టెలో, నా పక్కనే, ఓ మేకు కొట్టించాడు. దండ తెప్పించాడు. గౌరీశ్వరి వచ్చింది. నడుముకి చవక రెక్సిన్ పట్టీ. దాని చివర మేకుతో కాల్చిన బెజ్జం, ముల్లు అందులోనే ఉంది. పిల్ల నిండుగా ఊపిరి తీసుకుంటోంది. అది చూసి నా తోలంతా జలదరించింది.

"మెడల్ ఇలగియ్యి తల్లీ, పెట్టెలో ఏలాడదీద్దాం. మన శాల పేరు నిలబెట్టినావు."

"మెడల్ నా దగ్గిర లేదు తాతా. మా అప్ప మెళ్ళో ఉంది."

"ఏ అప్ప?" అన్నాడు, ఆ పిల్లకి అక్కెవరో తెలియనట్టు.

"నూకరత్నం అప్ప. మెడల్ కావాలంటే అప్పని లోపలికి పిలువు. మెళ్ళోంచి తియ్యకుండా వస్తాది."

జోగినాయుడు దండని మళ్ళీ పొట్లంలో పెట్టాడు. చివరికి, "సూద్దాంలే," అన్నాడు. గౌరీశ్వరి పెట్టె ముందుకొచ్చి అద్దం మీద వేలితో నా చివరి బెజ్జం ఉన్నచోట తట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ మాట అని చాలా కాలమైంది. ఆ 'సూద్దాం' ఇంకా నడుస్తోంది. వారానికోసారి అద్దం తుడుస్తారు, నాకు ఆముదం రాసేవాళ్ళు లేక మడతల దగ్గర బీటలిస్తున్నాను. పక్కన మేకు ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళు, ఇదెవరి కోసమండీ అని అడుగుతారు. జోగినాయుడు మాట మారుస్తాడు. నేను మాత్రం రోజూ గేటు వైపే చూస్తుంటాను, ఆకుపచ్చ చీర కనబడుతుందేమోనని.