గది తలుపు ముందు మాధవీలత

ఆ ఏడు వానలు ముదిరేసరికి బిలాస్‌పూర్‌లో మలేరియా జ్వరాలూ ముదిరాయి. తెలిపారా పేట దగ్గరున్న ఆ చిన్న ఆసుపత్రి పిల్లల వార్డులో మంచానికి ఇద్దరేసి పిల్లలు. నర్సులకీ అదే మలేరియా తగులుకోవడంతో, ముగ్గురు ఉండాల్సిన డ్యూటీలో ఒక్కోరోజు ఒక్కరే మిగిలేవారు.

వార్డు సిస్టర్ మాధవీలత రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి విజయనగరం వైపు నుంచి వచ్చి లోకో షెడ్‌లో చేసి రిటైరయ్యాడు. డ్యూటీ అంటే డ్యూటీయేనని ఆ ఇంట్లో నేర్చుకుంది. అందుకే, వార్డు చివర విరిగిన మంచాలు పడేసే గదిని మేట్రన్ కనకం ఖాళీ చేయించి నర్సులకిచ్చినప్పుడు ఆమెకి నచ్చలేదు. గదిలో పెద్దగా ఏమీ లేవు. ఒక పరుపు, రెండు కుర్చీలు, కిటికీకి మందపాటి తెర, మంచినీళ్ల కూజా. లోపల ఎవరూ మాట్లాడకూడదు. లోపలికి వెళ్లినవాళ్లని బయటినుంచి ఎవరూ పిలవకూడదు. కాసేపు కూర్చుని, మనసు కుదుటపడ్డాక వచ్చేయాలి.

"ఈ గదేటి మేడమ్? పనికొచ్చామా, పడుకోడానికొచ్చామా?" అంది మాధవీలత.

"నీకు అక్కర్లేకపోతే వెళ్లకు. అక్కరున్నవాళ్లని వెళ్లనీ," అంది కనకం.

మాధవీలత ఆ గడప తొక్కలేదు. ఎవరైనా అటు వెళ్తుంటే మొహం చిట్లించేది కూడా.

కనకం సెలవులో ఉన్న ఒక రోజు, మధ్యాహ్నం కావస్తుండగా, మూల మంచం మీదున్న పాప చనిపోయింది. జ్వరం మెదడుకెక్కిన పాప. తండ్రి అప్పారావు వ్యాగన్ షెడ్‌లో ఫిట్టరు. తల్లి పేరు చిన్నతల్లి. రాత్రి డ్యూటీ చేసిన కుర్ర నర్సు భవితకి పొద్దున్న బదులు మనిషి రాకపోవడంతో, ఆ పిల్లే పగలు కూడా ఉండిపోయింది. పాప చేతికున్న సూది తీసి, మొహం తడిగుడ్డతో తుడిచి, దుప్పటి సర్దింది. ఏడవలేదు. నేరుగా పక్క మంచం దగ్గరికి వెళ్లి అక్కడి పిల్లాడి ఇంజెక్షన్ అందుకుంది.

మాధవీలత ఎందుకో తలెత్తి చూసింది. భవిత చేతిలో సూది మందుసీసా మూతకి తగలడం లేదు. అటూ ఇటూ కొట్టుకుంటోంది. కళ్లు సీసా మీద ఉన్నాయిగానీ చూపు అక్కడ లేదు. ఆ సీసా కూడా ఆ పిల్లాడిది కాదు.

మాధవీలత నాలుగంగల్లో వెళ్లి చేతిలోవి రెండూ లాగేసుకుంది.

"దీదీ, నేను ఇస్తాను. ఏం కాలేదు నాకు."

"వెళ్లు. ఆ గదిలో కూర్చో. వీడి సంగతి నేను చూస్తాను."

ఆ మాట తన నోటినుంచి వచ్చిందని ఆమెకే ఆశ్చర్యం వేసింది. భవిత గోడ పట్టుకుని వెళ్లి తలుపు చేరవేసుకుంది.

కాసేపటికే వరండాలో చెప్పుల చప్పుడు. అప్పారావుకి అన్నయ్య నూకరాజు, వెనక షెడ్ మనుషులు ఏడెనిమిదిమంది. నూకరాజు మూల మంచం దగ్గర ఖాళీ సెలైన్ సీసా చూశాడు.

"ఇది ఎప్పుడయిపోయింది? ఎవులూ మార్చనేదేటి? ఆ నర్సు ఏదీ?"

"డాక్టరుగారే ఆపమన్నారు. పాప ఊపిరికి అడ్డం వస్తోందని," అంది మాధవీలత.

"నాను నర్సేదని అడుగుతన్నాను."

ఎవరో చివరి గది వైపు చెయ్యి చూపించారు. అక్కడ పరుపు ఉంటుందనీ, నర్సులు పడుకుంటారనీ ఇంకెవరో అన్నారు. ఆ మాటకి గుంపు మొత్తం అటు తిరిగింది. మాధవీలత వాళ్లకంటే ముందే పరుగున వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో. పిల్ల సచ్చిపోతే పడుకుంటాదా? బాహర్ నికాలో ఉస్‌కో, బయటికి లాగండి దాన్ని."

"పడుకోలేదు. నేనే పంపాను. ఏటడిగినా నన్నడగండి."

సూపరింటెండెంట్ డాక్టర్ జానకిరామ్ పరుగున వచ్చాడు. పరిస్థితి చూసి, ఆమె దగ్గరగా వంగి గొంతు తగ్గించాడు. "సిస్టర్, ఆ అమ్మాయిని బయటికి పిలవండి. ఒక్క క్షమాపణ చెప్పిస్తే పోతుంది. లేకపోతే ఆసుపత్రి పగలగొడతారు."

"ఇప్పుడు ఆ పిల్లని వీళ్ల మధ్యకి తీసుకురాను సార్."

నూకరాజు పక్కనున్న ఇనుప స్టూలు ఎత్తాడు. మాధవీలత కళ్లు మూసుకుంది, కాళ్లు మాత్రం కదపలేదు. అతను పట్టు వదలకుండానే స్టూలుతో ఆమె చెవి పక్కన తలుపు మీద మోదాడు. వార్డులో పిల్లలంతా ఒక్కసారి ఏడుపందుకున్నారు. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

అప్పుడు చిన్నతల్లి వచ్చింది. మగవాళ్ల మధ్యనుంచి, ఎవరినీ అడగకుండా, భుజాలతో తోసుకుంటూ వచ్చింది.

"బావా, స్టూలు అలగెట్టు."

"నీకు తెలీదు, నువ్వెల్లు."

"నాకే తెలుసు. రాత్రంతా నా గుంట కాళ్లు సల్లబడతంటే ఈ పిల్లే రుద్దింది. నువ్వెక్కడున్నావు అప్పుడు? వచ్చిన కాడ్నుంచీ మీరు అరుస్తన్నారు. నాకు ఏడవడానికి సోటు నేదు." మాధవీలత వైపు తిరిగింది. "తలుపు తియ్యి సిస్టరమ్మా. నానూ లోపల కూకుంటాను."

మాధవీలత ఒక్క మనిషి పట్టేంత తలుపు తీసింది. భవిత నేలమీద మోకాళ్లు ముడుచుకుని ఉంది. చిన్నతల్లి వెళ్లి పక్కన కూలబడింది. మాధవీలత తలుపు మూసి మళ్లీ వీపు ఆనించింది. కొంతసేపటికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. ముందు ఒకరిది, తర్వాత ఇద్దరిదీ. నూకరాజు అది వింటూ నిలబడ్డాడు. అతని మనుషులు ఒక్కొక్కరే వరండాలోకి జారుకున్నారు. చివరికి అతనూ వెళ్లి, గోడవార కూర్చున్న తమ్ముడి పక్కన చతికిలబడ్డాడు.

సాయంత్రం జానకిరామ్ ఆమెని పిలిపించాడు. "ఆ గదికి రేపటినుంచి తాళం వేసేద్దాం సిస్టర్. జనం నోళ్లలో పడింది."

"వేసేయండి సార్. కానీ ఒక మాట. మధ్యాహ్నం ఆ పిల్ల చేతిలో వేరే సీసా ఉంది. నేను చూశాను కాబట్టి ఆపి పంపాను. నేను చూడని రోజున పంపడానికి గదీ ఉండదు, ఆపడానికి మనిషీ ఉండదు. ఆ అమ్మాయి తప్పేటీ లేదు. రెండు డ్యూటీలు చేయించింది నేను. రాసుకుంటే నా పేరు రాసుకోండి."

జానకిరామ్ మెమో కాగితం ముందుకు లాక్కున్నాడు.

గదికి తాళం పడలేదు. సంజాయిషీ అడుగుతూ మెమో మాత్రం మాధవీలత పేరునే వచ్చింది. ఆ తర్వాత వారంపాటు, బదులు మనుషుల కోసం ఆమె రోజూ జానకిరామ్ గది ముందు నిలబడింది. ఇద్దరిని సాధించింది.

భవిత కొన్నాళ్లు సెలవు పెట్టి ఊరి చివర కోనిలో ఉన్న అక్క ఇంటికి వెళ్లింది. ఇక రాదనే అందరూ అనుకున్నారు. ఒక ఉదయం ఆమె డ్యూటీకి వచ్చి, తడిసిన గొడుగు మూలకి పెడుతూ అడిగింది: "దీదీ, ఈరోజు ఏ మంచాలు నావి?"

"కిటికీ వైపువి," అంది మాధవీలత. మూల మంచం తను తీసుకుంది.