అత్త మొక్కు, కోడలి ప్రాణం

ప్రత్తిపాడు దగ్గర చేలో మిరపకాయ కోత సాగుతోంది. ఎండ ఇంకా ముదరకముందే లూర్దుమేరి సాలు మధ్యలో కూలబడింది.

"ఏంటే మేరీ, మళ్ళీ నీళ్ళోసుకున్నావా?" అంది పక్క సాలులోంచి కోటేశ్వరి. కూలీలంతా నవ్వారు. లూర్దుమేరీ నవ్వబోయింది గానీ ఊపిరి చాలలేదు.

మన ఊళ్ళలో ఆడమనిషికి ఆయాసం వస్తే రెండే కారణాలు చెబుతారు. కడుపు, కాకుంటే ఒళ్ళుబద్ధకం. మూడోది ఉంటుందని ఎవరికీ తోచదు. లూర్దుమేరి గుండెలో వాల్వు పాడైంది. రెండో ఆడపిల్ల పుట్టినప్పుడే గుంటూరు డాక్టరు ఆమె భర్త జోజిబాబును కూర్చోబెట్టి, మళ్ళీ గర్భం వస్తే తల్లి దక్కడం కష్టమని చెప్పారు.

జోజిబాబు చెడ్డవాడు కాడు. తాగడు, కొట్టడు, తల్లి శౌరమ్మ మాట జవదాటడు. ఆ తల్లేమో, మనవడు పుడితే శ్రీసభకి, అంటే క్యాథలిక్ చర్చికి ఇచ్చి ఫాదర్ని చేస్తానని గుణదల మాతకు మొక్కుకుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాట ఎత్తితే పాపమంటుంది. ఆ ఇంట్లో పాపం గురించి అందరూ మాట్లాడేవారే. లూర్దుమేరి గురించి మాట్లాడిన వారు లేరు.

ఆదివారం చర్చిలో పూజప్పుడు మోకరించిన లూర్దుమేరి మళ్ళీ లేవలేకపోయింది. పూజ అయ్యాక విచారణ గురువు, అంటే ఆ చర్చి ముసలి ఫాదర్, ఆమెనూ భర్తనూ అత్తనూ గుడి అరుగు మీద కూర్చోబెట్టి సంగతేమిటని అడిగారు. జోజిబాబు డాక్టరు చెప్పిన మాట చెప్పాడు. శౌరమ్మ తన మొక్కు గురించి గర్వంగానే చెప్పింది.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది శౌరమ్మా," అన్నారాయన విసుగ్గా. "నీ ఉపవాసం మొక్కుకో, నీ తలనీలాలు మొక్కుకో. ఈ పిల్ల ప్రాణం మొక్కడానికి నువ్వెవరు?"

"మొక్కు తప్పితే మాతకి కోపం రాదాండీ?"

"పసిపిల్లల తల్లిని బలిపెట్టి మొక్కు తీర్చమని ఏ తల్లీ అడగదు."

జోజిబాబు అందుకున్నాడు. "మరి ఆపరేషనూ మాత్రలూ కూడదంటారు గదండీ ఫాదర్. మమ్మల్నేం చెయ్యమంటారు?"

"కూడదనే శ్రీసభ బోధ. నేనేం దాచను. కానీ ఇంత ప్రమాదం ఉన్నప్పుడు ఇక కనకుండా ఉండటం పాపం కాదనీ, గర్భం నిలిచే రోజుల్లో ఆలుమగలు దూరంగా ఉండొచ్చనీ చెప్పేదీ శ్రీసభే. ఆ రోజులు గుర్తుపట్టడం మిషన్ ఆస్పత్రి సిస్టర్ నేర్పుతుంది. గుండె డాక్టరు గారితోనూ మాట్లాడండి. ఆమెను తీసుకెళ్ళు."

లూర్దుమేరి తలెత్తింది. "సిస్టర్ పోయినేడే నేర్పిందండీ. ఆ రోజులు నాకు తెలుసు," అంది. గొంతులో కోపం కూడా లేదు. "వద్దంటే ఈయన వినడు. ఎన్నిసార్లని చెప్పనండీ? అలిసిపోయాను."

శౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన ఆరు కాన్పుల్లో ఎన్నిటికి ముందు తానూ వద్దందో ఆమెకే తెలుసు. చెడ్డవాణ్ణి కాదనే ధీమాతో ఇన్నాళ్ళూ బతికిన జోజిబాబుకు మొదటిసారి సిగ్గేసింది.

"సిస్టర్ దగ్గరికి ఈసారి నేనూ వస్తాలే," అన్నాడు భార్యతో.

గురువు మోకాళ్ళు పట్టుకుని లేచారు. "వెళ్ళు నాయనా. పద్ధతి ఆమె ఎప్పుడో నేర్చుకుంది, నిగ్రహం నువ్వు నేర్చుకో. భార్య వద్దన్నప్పుడు ఆగడం రాని మగాడికి ఏ పద్ధతీ పనికిరాదు, ఏ పూజా పుణ్యమివ్వదు."