వింటివేత దూరం

పాల మీద మీగడ తునక కూడా మిగలకుండా తీయడం కెజాయా పని. జిడ్డు ఉంటే బొమ్మ మీద మరక పడుతుంది. మీగడ తీసిన పాలతో కాగితాన్ని తడిపితే పెన్సిల్ గీత ఇక చెరగదు. గీసేది మొగుడు లైమన్, చెరగకుండా చూసేది ఆమె. ఆ మాటకొస్తే వంటా, ఆవూ, అత్తగారి కాళ్ళనొప్పులూ కూడా ఆమెవే. వాటిని ఆ ఇంట్లో ఎవరూ పని అనరు.

ఈసారి బొమ్మ బైబిల్లోని హాగరుది. ఎడారిలో నీళ్ళయిపోయి, బిడ్డను పొద కింద పడుకోబెట్టి, వాడి చావు కళ్ళారా చూడలేక వింటివేత దూరం పోయి కూర్చున్న తల్లి. శనివారం గుర్రపుబండిలో బోస్టన్ ప్రదర్శనకు వెళ్ళాలి. పాస్టరుగారు దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నారు.

కెజాయా మాత్రం ఒక్క చూపులో తనను పోల్చుకుంది. హాగరు ఒక కాలికే జోడు ఉంది. రెండేళ్ళ కిందట, గొంతు వాచి కొడుకు ఏసా ఊపిరాడక కొట్టుకుంటుంటే, తను అలాగే ఒంటి జోడుతో పరుగెత్తి వసారాకు ఎదురుగా ఉన్న బావి దగ్గర కూలబడింది. రోగం అంటుతుందని అక్క ఇంటికి పారిపోయిన అత్తగారు తీరిగ్గా తిరిగొచ్చి, "కన్నతల్లివి, కాసేపు పక్కన కూర్చోలేకపోయావటే?" అంది. ఇప్పటికీ అంటూనే ఉంది. ఆ మాట కింద నలిగి చావకుండా కెజాయాను నిలబెట్టింది లైమన్ చెప్పిన ఒక్క ముక్క. "నేనున్నాను కదే. గడియారం మూడు కొడుతుంటే నా చేతిలో చెయ్యి పెట్టి పోయాడు. వాడు ఒంటరిగా పోలేదు." ఆ ముక్క పట్టుకునే రెండేళ్ళుగా ఆమెకు రొట్టె గొంతు దిగుతోంది.

"ఈ ముఖం నాదే కదండీ. దీన్ని పంపకండి" అంది.

"నా ఊహలోంచి వచ్చింది. ప్రతిదీ నీదే అనుకుంటావు. ముందు వెనకవైపు తడుపు."

కాగితం తిప్పింది. ఏ వేళ, ఎక్కడ కూర్చుని గీశాడో బొమ్మ వెనక రాసుకోవడం అతని అలవాటు. 'మే తొమ్మిది. వసారాలోంచి. రెండున్నర మొదలు మూడుంబావు దాకా.'

ఏడాది కూడా అదే. ఏసా పోయిన రోజు. కెజాయా మళ్ళీ చదివింది. కాగితాన్ని చించేద్దామనుకుంది. చేతులు రాలేదు. చించితే మాత్రం ఆ ముప్పావుగంట తిరిగొస్తుందా?

"మరి వాడి చెయ్యి ఎవరు పట్టుకున్నారండీ?"

లైమన్ తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. చూస్తూనే జేబులో పెన్సిల్ కోసం తడుముకున్నాడు.

"అలాగే ఉండు. కదలకు" అన్నాడు.

కెజాయాకు కదిలే శక్తి లేదు. అతను గీయడం మొదలుపెట్టాడు.