మూలలు లేని గది

మా కాలనీ కొత్త హాలు లోపలి పనంతా నాదే. పాత ఇళ్లు కూల్చినప్పుడు మిగిలిన దూలాలతో బెంచీలు, మట్టిపూత గోడలు, పగలు దీపం వెయ్యక్కర్లేకుండా పైనుంచి వెలుతురు. గది గుండ్రంగా ఉంటుంది, పిట్టగూడులాగా. తలుపుకి కూడా గోడకి వేసిన మట్టే పూయించాను. పిడి బదులు కొమ్మ, దాని చుట్టూ అలాంటివే మరికొన్ని కొమ్మలు. ప్రారంభం రోజున అందరూ నన్ను ఆకాశానికెత్తేశారు. మేస్త్రి పని చేసే మా అన్నయ్య మాత్రం, "అడవిలో తప్పిపోతే కేకెయ్యండర్రా, నేనొస్తా" అని వేళాకోళమాడాడు. అన్నయ్యకి నా పనంటే ఎప్పుడూ అలుసే.

నేనింత పట్టుబట్టి చేసింది అమ్మ కోసం. అమ్మకి చూపు బాగా తగ్గింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గానీ ముఖం తెలియదు. సాయంత్రం హాల్లో ఆడవాళ్లతో కూర్చుని పాడుకోవడం ఒక్కటే ఆమెకి మిగిలిన సరదా. అలాంటిది, ప్రారంభం రోజు వచ్చి వెళ్లాక మళ్లీ హాలు ముఖం చూడలేదు.

ఏమ్మా అంటే మోకాళ్లంది. మర్నాడు తలనొప్పంది. ఆ తర్వాత, "గొంతు పోయిందే" అంది, వంటింట్లో రాగం తీస్తూనే. నాకు తలా తోకా అర్థం కాలేదు. మట్టి వాసన పడలేదేమోనని పైనున్న కిటికీలన్నీ తెరిపించాను. దోమలకి జడిసిందేమోనని మొక్కల కుండీలు బయట పెట్టించాను. ఎవరైనా ఏమైనా అన్నారేమోనని పాటలవాళ్లని ఒక్కొక్కరినీ నిలదీస్తే తెల్లముఖాలు వేశారు. చివరికి నా పనే నచ్చలేదేమోనని అనుమానం వచ్చింది. అది మాత్రం భరించలేకపోయాను.

"నచ్చకపోతే నచ్చలేదని చెప్పు! ఈ నాన్చుడు నా వల్ల కాదు" అని అమ్మ మీద గయ్యిమన్నాను.

అమ్మ వేళ్లు నలుపుకుంటూ చెప్పింది.

"పాత హాల్లో గోడ పట్టుకుని నడిస్తే మూల వచ్చేది. మూల దాటగానే తలుపు. ఇక్కడ ఎంత నడిచినా మూల రాదే. తలుపు కూడా గోడలాగే తగులుతోంది. ఆ రోజు బాత్రూంకని లేచి, చుట్టూ తిరిగి మళ్లీ నా బెంచీ దగ్గరికే వచ్చాను. ఇంకోసారి లేచినా అంతే. ఎటున్నానో తెలియలేదు. భయమేసిందే."

"నన్ను పిలవొచ్చు కదమ్మా!"

"అందరూ నా కూతుర్ని మెచ్చుకుంటుంటే, తలుపెక్కడే అని ఎలా అడగనే?"

నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది.

అన్నయ్యని హాలుకి లాక్కెళ్లి, తలుపు చుట్టూ పాత ఇంటి ద్వారబంధం ఒకటి, గోడకన్నా ముందుకు పొడుచుకొచ్చేలా బిగించమన్నాను.

"నీ అడవి అందం చెడిపోతుందే" అన్నాడు, ఈసారి వెటకారం లేకుండా.

"చెడితే చెడనీ. నువ్వు ముందు బిగించు."

సాయంత్రం అమ్మని తీసుకొచ్చి, లోపల చెయ్యి వదిలేశాను. గోడ తడుముకుంటూ బయలుదేరింది. ద్వారబంధం చేతికి తగలగానే ఆగి, కింద నుంచి పైదాకా నిమిరింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే తలుపు దాటి, గోడ వెంట మళ్లీ నడక మొదలుపెట్టింది.

"అమ్మా! తలుపు అక్కడే, దాటేశావు!"

"తెలుసులేవే. ఇంకోసారి చుట్టి వస్తా. గోడ ఎంత నున్నగా చేయించావే!"