లారీ నుదుటి పేరు

సూర్యాపేట బైపాస్ పక్కన ఐలన్న పెయింటింగ్ షెడ్డులో లారీ నిలబడి ఉంది. జానమ్మ కూతురు స్వాతిని వెంటబెట్టుకుని కోదాడ నుంచి బస్సులో వచ్చింది. అద్దం పైన, లారీ నుదుటి మీద, 'స్వాతి' అన్న ఎర్రటి అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి గాని చెదరలేదు.

ఆరేళ్ల కిందట ఈ లారీ మునగాల దాటాక ఒక దాబా పక్కన దొరికింది. తాళంచెవి దానికే ఉంది. సీటు మీద తువ్వాల, టిఫిన్ డబ్బాలో ఆమె కట్టిచ్చిన చింతకాయ తొక్కు అన్నం సగం అట్లాగే ఉన్నాయి. ధాన్యం బస్తా ఒక్కటి కూడా పోలేదు. బండి నడిపే ఆమె భర్త దావీదు మాత్రం లేడు. పోలీసులు వెతికారు, చర్చిలో ప్రార్థనలు చేశారు. అతను ఏనాటికైనా ఈ దారిన వస్తే బిడ్డ పేరు చూసి ఆగుతాడని జానమ్మ లారీని ఇంటి ముందే నిలిపి ఉంచింది. ఇప్పుడది తుప్పు పడుతుంటే మిర్యాలగూడలో మిల్లు నడిపే లక్ష్మణ్‌కు అమ్మేసింది. అతను కొత్త టైర్లు వేయించాడు. తన కూతురు గోపిక పేరు రాయించమని డ్రైవర్‌ను పంపాడు.

ఐలన్నకు ఒక పట్టింపు ఉంది. పాత పేరు రాయించినవాళ్లే మొదటి గీత గీకాలి. అందుకే జానమ్మకు కబురు పెట్టాడు.

"ఒక్క గీత చాలు చెల్లె. మిగిలింది నేను సూస్కుంట," అంటూ ఉప్పుకాగితం చేతికిచ్చాడు.

జానమ్మ స్టూలెక్కింది. చెయ్యి కదల్లేదు. వారం రోజులుగా ఆమెను ఒక ఓడ వేధిస్తోంది.

స్వాతి ప్రైవేటు బళ్లో ఇంగ్లీషు టీచరు. పిల్లలకు చెప్పాల్సిన పాఠం ఇంట్లో పైకి చదువుకుంటుంటే, అదేందో తెలుగులో చెప్పమంది జానమ్మ. నూటయాభై ఏళ్ల నాటి తెరచాప ఓడ. నడిసముద్రంలో ఒంటరిగా తేలుతూ కనబడింది. తిండి, బట్టలు ఓడలోనే ఉన్నాయి. ఓడకు కట్టి ఉండే చిన్న పడవ మాత్రం లేదు. కెప్టెను, భార్య, రెండేళ్ల బిడ్డ, పనివాళ్లు, మొత్తం పదిమందిలో ఒక్కరి జాడా తెలియలేదు. సగంలో స్వాతికి తను ఏం చదువుతోందో తట్టి పుస్తకం మూయబోయింది.

"చెప్పు, ఏం కాదు. దాని పేరేంది?"

"మేరీ సెలెస్ట్. కట్టినప్పుడు అమెజాన్ అని పెట్టారంట. మొదటి ప్రయాణంలోనే కెప్టెన్ జబ్బుచేసి చనిపోయాడు. తర్వాత గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చింది, వేరేవాళ్లు కొని పేరు మార్చారు. ఓడ పేరు మారిస్తే అచ్చిరాదని నావికుల నమ్మకం."

"ఆ పోయినోళ్ల ఇంట్ల ఎవరన్న మిగిలిన్రా?"

"ఏడేళ్ల కొడుకు. బడి పోతుందని నాయనమ్మ దగ్గర ఉంచి వెళ్లారు."

"వాడు రోజూ సముద్రం దిక్కు సూసేటోడా?"

"పుస్తకంలో లేదమ్మా."

స్టూలు మీద నిలబడే జానమ్మ అంది: "అన్నా, ఈ బండికి ముందు వేరే పేరుండె. ఉండనియ్యి అని మా ఆయన అన్నడు. మన బండి మీద ఎవరి పిల్ల పేరో ఎందుకని నేనే కొట్లాడి తీపిచ్చిన. గందుకే ఆయన పోయిండా?"

ఐలన్న బ్రష్షు డబ్బాలో పెట్టాడు.

"ప్రవళిక. మీకు బండి అమ్మిన దేవ్‌సింగ్ బిడ్డ పేరు. ఆయనే ఈడికొచ్చి మొదటి గీత గీకిండు, నీకు ఎరుక లేదు. ఆ పిల్ల ఇప్పుడు ఈడనే దవాఖానల నర్సు. వాళ్లకేమన్నయిందా? పేరు తీస్తే మనుషులు పోతరా, పిచ్చిదానా."

ఐలన్న స్టూలు దగ్గరికి వచ్చాడు.

"ఇంకోటి ఇను. తర్వాత రెండేండ్లకు దావీదు బండి రిపేరుకు తెచ్చిండు. దేవ్‌సింగ్ గీ రోడ్డు మీద సైకిల్ మోటర్ మీద పోతుండు. హారన్ ఇని ఆపిండు. బండెనక నిలబడ్డడు, పేరు సూడనే లేదు. 'ఇది నా బండి సప్పుడు' అన్నడు. దావీదు నవ్వి ఛాయ్ తాపిచ్చిండు."

జానమ్మకు ఆ హారన్ తెలుసు. జలుబు చేసిన మనిషి పిలిచినట్టు బొంగురుగా ఉంటుంది. అది వినబడగానే అన్నం ముందు నుంచి లేచి వీధిలోకి పరుగెత్తేది స్వాతి.

ఉప్పుకాగితం ఆనించి గీకింది. ఎరుపు రాలి, కింద నుంచి పాత పేరు తాలూకు ఆకుపచ్చ కనబడింది. కాసేపు దాన్నే చూసి కిందికి దిగింది.

"ఇగ రాసుకో అన్నా."

లక్ష్మణ్ పంపిన డ్రైవర్ దగ్గరికి వెళ్లింది. "నాయనా, కోదాడ దిక్కు పోతుంటవా?"

"వారానికి రెండు మూడు మార్లు పోతనమ్మ."

"హారన్ మార్చకుర్రి. మునగాల దాబా కాడ ఒక్కసారి కొట్టు, సాలు."

"ఎందుకమ్మా?"

"పేరు లేకున్న దాన్ని గుర్తుపట్టేటోడు ఒకడున్నడు."

డ్రైవర్‌కు ఏమీ అర్థం కాలేదు. "దానికేముంది, కొడ్త," అని, పనిచేస్తుందో లేదో చూద్దామని క్యాబిన్‌లోకి వంగి ఒక్కసారి నొక్కాడు.

అవతల బెంచీ మీద పాఠం చూసుకుంటున్న స్వాతి పుస్తకం జారవిడిచి రోడ్డు వైపు రెండడుగులు వేసింది. అప్పుడు గుర్తొచ్చి, అక్కడే నిలబడిపోయింది.